దివిటీ గంగరాజు కనీస వేతనం

మా క్లబ్బులో దివిటీ పట్టే గంగరాజుకి ప్రభుత్వం వారు రోజుకూలీ ఖరారు చేశారు. వారానికో రోజు సెలవు మంజూరు చేశారు. తలకి హెల్మెట్ ఇప్పించమని కూడా ఉత్తర్వులిచ్చారు. కార్మిక సంక్షేమం మీద నమ్మకం ఉన్నవాణ్ణి కనక నేను చాలా సంతోషించాను. గంగరాజు అనే మనిషి లేడన్న ఒక్క సంగతి తప్పిస్తే ఈ వ్యవహారంలో వంక పెట్టడానికేమీ లేదు.

లేడంటే చచ్చిపోయాడని కాదు. అసలు పుట్టలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, పప్పుచారు తిన్న మత్తులో నేనే వాణ్ణి కల్పించాను.

గోదావరి ఒడ్డునున్న మా పట్టణంలో ఉద్యోగుల వినోద క్లబ్బు ఒకటుంది. పోలీసులు పేకాట మీద దాడులు మొదలుపెట్టాక ఆ క్లబ్బులో వినోదం పోయి ఉద్యోగులు మాత్రం మిగిలారు. ఖాళీ పడ్డ మేడమీద గదిలో మేం ముగ్గురం ఆదివారాలు ఒక ఆట ఆడుకుంటాం. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేసుకుంటూ, కథ చెప్పుకునే ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు అందులో వీరులై గుహల్లో దూరి, డ్రాగన్లని చంపి, నిధులు తెచ్చుకుంటారు. కథ నడిపేది నేను. జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పుకునేవాడికి వారానికి ఒక్కసారైనా తన మాట వినేవాళ్ళు కావాలి కదా.

ఖజానా ఆఫీసులో పనిచేసే మృత్యుంజయరావుగారు ఆటలో మహామాంత్రికుడు. పశువుల డాక్టరు హైమవతి ఆటలో కత్తి తిప్పే వీరవనిత. గుహ ముందుకు వచ్చేసరికి ఇద్దరికీ చిక్కొచ్చింది. లోపల చీకటి. మాంత్రికుడికి ఒక చేతిలో దండం, ఇంకో చేతిలో మంత్రాల పుస్తకం. వీరవనితకి కత్తీ డాలూ. దివిటీ పట్టడానికి చెయ్యి ఖాళీ లేదు. అలాంటప్పుడు ఊళ్ళో కూలిమనిషిని కుదుర్చుకోవచ్చని ఆట నియమం. అలా వచ్చాడు గంగరాజు.

రోజుకి ఐదు వెండి నాణేలు అడుగుతున్నాడన్నాను. మృత్యుంజయరావుగారు అరగంట బేరమాడి రెండుకి దింపారు. వేలితో కొండని పేల్చెయ్యగల మనిషి, జేబులో లేని నాణేల కోసం అంతసేపు గొంతు చించుకోవడం చూసి నాకు ముచ్చటేసింది. ఖజానా ఉద్యోగం ఒంటబట్టిందంటే అదీ.

ఈ ఆట ఆడేవాళ్ళకి ఇంకో ఆచారం ఉంది. ఎక్కడైనా అనుమానంగా ఉంటే ముందు కూలిమనిషిని నడిపిస్తారు. గుహలో మెట్లు పాతబడి ఉన్నాయన్నాను. "గంగరాజూ, ముందు నువ్వెళ్ళు," అన్నారు మృత్యుంజయరావుగారు. మెట్టు విరిగింది. పాచిక వేసి చూస్తే కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగిందని తేలింది.

సరిగ్గా అప్పుడే కింద పెద్ద చప్పుడైంది.

మాకు టీలు తెచ్చే నూకరత్నం క్లబ్బు మెట్ల మీంచి పడింది. ఆ మెట్లకి చేతిపట్టు ఊడిపోయి చాలా కాలమైంది. ఆవిడ ఆ క్లబ్బు ఊడుస్తుంది, తుడుస్తుంది, టీలు పెడుతుంది. కుడిచెయ్యి, మణికట్టు దగ్గర. దీనికి పాచిక వెయ్యక్కర్లేకపోయింది.

నాటు కట్టు కట్టించుకుని వారం తిరక్కుండానే ఆవిడ ఎడమచేత్తో చీపురు పట్టుకుని వచ్చేసింది. ఎముక వంకరగా అతుకుతోందనీ, ఆపరేషన్ చెయ్యకపోతే వేళ్ళు ఇక మూసుకోవనీ పెద్దాసుపత్రిలో చెప్పారు. ఆపరేషన్ అక్కడ ఉచితమే. ఆ తర్వాత కొన్ని నెలలు చెయ్యి కదపకుండా కూర్చోవాలి. ఆ కూర్చోవడం ఉచితం కాదు. ఇంట్లో మంచం పట్టిన మొగుడున్నాడు.

నష్టపరిహారం అడగమని మేమే చెప్పి పంపాం. క్లబ్బు సెక్రటరీ సాంబమూర్తిగారు చాలా మర్యాదగా మాట్లాడారట. "నువ్వు మా మనిషివి కావమ్మా. కాంట్రాక్టరు మనిషివి." కాంట్రాక్టరు ఇంకా మర్యాదస్తుడు. "మేం క్లబ్బుకి మనుషుల్ని పంపం, శుభ్రతని సప్లై చేస్తాం. శుభ్రతకి చెయ్యెలా విరుగుద్ది?" అన్నాడట. కార్మిక శాఖ ఆఫీసుకెళితే, యజమాని పేరు లేనిదే అర్జీ తీసుకునేది లేదన్నారట.

"తిరిగి తిరిగి చెప్పులరిగిపోయాయండి మేష్టారూ. నేను ఎవరి మనిషినో ఎవరికీ తెల్దంటున్నారండి," అంది నూకరత్నం, ఎడమచేత్తో టీ అందిస్తూ.

పరిస్థితి ఇలా ఉండగా మా మీద పోలీసు దాడి జరిగింది.

మేడమీద గదిలో వెండి నాణేలు చేతులు మారుతున్నాయని ఎవరో పుణ్యాత్ముడు ఫిర్యాదు చేశాడు. ఎస్సైగారు ఇద్దరు కానిస్టేబుళ్ళతో వచ్చి తలుపు వేయించారు.

"నాణేలు బల్లమీద పెట్టండి."

"లేవండి. ఊహించుకుంటాం," అన్నాను.

"ఊహించుకుని ఎవరికిస్తున్నారు?"

"గంగరాజుకండి."

"ఎక్కడున్నాడు వాడు?"

"గుహలో పడి ఉన్నాడండి. చెయ్యి విరిగింది."

కానిస్టేబుళ్ళు బీరువా వెనక చూశారు. ఎస్సైగారు మా ఆట కాగితాలు తీసి శ్రద్ధగా చదివారు. చదివే కొద్దీ ఆయన మొహంలో నిరాశ, ఆ వెనకే ఉపశమనం కనిపించాయి.

"మనిషిని పనిలో పెట్టుకున్నారు. కూలిలో కోత పెట్టారు. దెబ్బ తగిలితే వైద్యం చేయించలేదు. ఇది జూదం కాదు. ఇందులో మాకేం పని లేదు," అని, కాగితాలు మడిచి తదుపరి చర్యల నిమిత్తం కార్మిక శాఖకి పంపించేశారు.

మరుసటి ఆదివారమే కార్మిక శాఖ అధికారి కందర్ప భీమశంకరంగారు విచ్చేశారు. పద్ధతైన మనిషి. కుర్చీలో కూర్చునే ముందు కూడా ఏ నిబంధన కింద కూర్చుంటున్నారో ఆలోచించుకుంటున్నట్టు ఒక్క క్షణం ఆగుతారు.

"సదరు గంగరాజు అను కార్మికుణ్ణి పనిలో నియమించినది ఎవరు?"

"నేనేనండి," అన్నారు మృత్యుంజయరావుగారు. ఆయన స్వరంలో కొంచెం గర్వం కూడా ఉంది. రెండు నాణేలకి దింపిన మనిషాయె.

భీమశంకరంగారి కళ్ళు చెమర్చాయి. "నా సర్వీసులో నేరుగా ఒప్పుకున్న మొట్టమొదటి యజమాని మీరు," అన్నారు.

"కానీ గంగరాజు లేడండి," అన్నాను. "కల్పన."

"సదరు కార్మికుడు ఊహాజనితుడు అయి ఉండుట, యాజమాన్యం తన చట్టబద్ధమైన బాధ్యతల నుండి తప్పించుకొనుటకు తగిన కారణం కాజాలదు. మా చట్టంలో కార్మికుడంటే ఎవరో నిర్వచనం ఉంది. అందులో వేతనం గురించి ఉంది, యజమాని గురించి ఉంది. ఉనికి గురించి ఎక్కడా లేదు."

గుమ్మం దగ్గర టీ పళ్ళెంతో నిలబడ్డ నూకరత్నం ఈ మాట విని ముందుకొచ్చింది. "అయ్యగారండీ, నాకూ చెయ్యే ఇరిగిందండి. మెట్ల మీంచే పడ్డానండి."

"నీ యజమాని ఎవరమ్మా?"

"అదేనండి, ఎవరూ ఒప్పుకోట్లేదండి."

"చూశావా! గంగరాజుకి ఒప్పుకున్నారు," అని ఆయన టీ తీసుకున్నారు. "పంచదార కొంచెం తక్కువైంది."

ఆ తర్వాత మా ఆట ఆగిపోయి విచారణ మొదలైంది. యాజమాన్యానికీ కార్మికుడికీ మధ్య రాజీ చర్చలు జరపాలన్నారు. గంగరాజుకి నోరు లేదు, వాడి మాటలన్నీ నేనే చెప్పాలి. గుహ కూడా నాదే, అందులోని మెట్లూ నావే, కనక గుహ యాజమాన్యం తరఫునా నేనే చెప్పాలి. నాకోసం ఎదురెదురుగా రెండు కుర్చీలు వేయించారు. ఒక కుర్చీలో కూర్చుని, "రెక్కాడితే గాని డొక్కాడదు బాబూ," అని ఏడ్చి, లేచి ఎదుటి కుర్చీలోకి వెళ్ళి, "మెట్లు బాగానే ఉన్నాయి, వీడే చూసుకోలేదు," అని కసిరేవాణ్ణి. మూడోసారి కుర్చీ మారేటప్పుడు భీమశంకరంగారు చెయ్యెత్తి ఆపారు.

"దారిలో ఇరుపక్షాలూ మాట్లాడుకోరాదు," అన్నారు.

అవతలి కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు గంగరాజు మీద నిజంగానే కోపం వచ్చేది. మనిషికి కుర్చీ మారితే బుద్ధి ఎంత తొందరగా మారుతుందో అప్పుడు తెలిసింది. సాంబమూర్తిగారి మీద అంతవరకూ ఉన్న కోపం కాస్త తగ్గింది కూడా. కానీ బయటికొచ్చి, ఎడమచేత్తో మెట్లు తుడుస్తున్న నూకరత్నాన్ని చూసేసరికి మళ్ళీ మొదటికొచ్చింది.

వెనకే భద్రతా తనిఖీ వచ్చింది. గుహలో బయటికి పోవు దారి అన్న బోర్డు లేదని రాశారు. నిప్పు కక్కే డ్రాగన్ ఉంది కనక అగ్నిమాపక శాఖ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెమ్మన్నారు. ఆ డ్రాగన్‌కి టీకాలు వేయించినట్టు ధ్రువీకరించమని హైమవతిని అడిగారు.

"నేను గేదెల డాక్టర్నండి," అంది హైమవతి.

"పశువైద్యంలో మినహాయింపు ఎక్కడుందో చూపించండి," అన్నారు భీమశంకరంగారు. ఆవిడ సంతకం పెట్టేసింది. ఆరోగ్యంగానే ఉందని రాసింది.

గంగరాజు ఫైలు రాష్ట్రం దాకా వెళ్ళింది. అక్కడ పెద్దలు దాన్ని చూసి పరవశించిపోయారట. కార్మికుడు ఆఫీసు చుట్టూ తిరగడు. ధర్నా చెయ్యడు. ఫోన్లు చెయ్యడు. పత్రికలవాళ్ళతో మాట్లాడడు. సంక్షేమానికి ఇంత అనువైన లబ్ధిదారుడు శాఖ చరిత్రలో తగల్లేదు. ఊహాజనిత కార్మికులందర్నీ తక్షణం గుర్తించి నమోదు చెయ్యాలని సర్క్యులర్ వచ్చింది.

ఇక చూడాలి సంబరం. సిబ్బంది ఇల్లిల్లూ తిరిగారు. చిన్నపిల్లలు బొమ్మరింట్లో పెట్టుకున్న వంటమనిషిని నమోదు చేశారు. స్కూలు నాటకంలో రాజుగారికి వింజామర వీచే ఇద్దరిని నమోదు చేశారు. అత్తగారితో పడలేని ఒక కోడలు, తనకో పనిమనిషి ఉన్నట్టు రోజూ కలగంటున్నానంటే ఆ పనిమనిషికి పీఎఫ్ తెరిచారు. నిజం కూలీలు తెచ్చిన అర్జీలు మాత్రం యజమాని సంతకం లేదని తిరిగిపోయేవి. మా జిల్లా రాష్ట్రంలో మొదటి స్థానానికి వచ్చింది.

గంగరాజుకి పరిహారం అందించే సభ టౌనుహాల్లో జరిగింది. వేదిక మీద ఖాళీ కుర్చీ వేసి, దానికి దండ వేసి, వీపు మీద శాలువా కప్పారు. "గంగరాజు మౌనమే మన శాఖ పట్ల ఆయన కృతజ్ఞతకు నిదర్శనం!" అని ఒక పెద్దాయన మాట్లాడితే హాలు చప్పట్లతో మారుమోగింది. పరిహారం మొత్తం గంగరాజు పేర బ్యాంకులో వేశారు. వాడు స్వయంగా వచ్చి వేలిముద్ర వేస్తే తీసుకోవచ్చు.

ఆ డబ్బు నూకరత్నానికి ఇప్పించమని నేను భీమశంకరంగారిని బతిమాలాను. ఆయన నన్ను చాలా కొత్తగా చూశారు. "ఒక కార్మికుడి నోటి దగ్గర కూడు ఇంకొకరికా? మీకు మనసెలా ఒప్పింది మేష్టారూ?" అన్నారు.

ఆ సభకి టీలు మోసింది నూకరత్నమే. ఎడమచేత్తో పళ్ళెం, దానికి ఆసరాగా వంకర కుడిచెయ్యి, దెబ్బతిన్న రెక్కలా. వేళ్ళు అప్పటికే సగం బిగుసుకుపోయాయి. ఖాళీ కుర్చీ దగ్గరకొచ్చి ఒక్క క్షణం ఆగి, దాని పక్కన కూడా ఒక టీ పెట్టింది. "దెబ్బ తగిలిన మనిషి కదండీ," అంది.  ఆ రాత్రి నేను ఇంటికెళ్ళి అన్నం తినలేదు.

తరవాతి ఆదివారం హైమవతి పాచికలు పక్కకి నెట్టేసి అంది. "మేష్టారూ, ఉన్న మనిషికి యజమాని దొరకట్లేదు. లేని మనిషికి దొరికాడు. రత్నాన్ని కూడా మనమే కూలికి పెట్టుకుంటే?"

"నియమాల ప్రకారం దివిటీకి ఇద్దరుండొచ్చు," అన్నారు మృత్యుంజయరావుగారు. "రోజుకి రెండు నాణేలు."

హైమవతి ఆయన వైపు చూసింది. చేతిలో కత్తి లేదు గాని ఉన్నట్టే ఉంది.

"ఐదు," అన్నారాయన.

నూకరత్నాన్ని పిలిచి కూర్చోబెట్టి చెప్పాం. ఆవిడకి కుర్చీలో కూర్చోవడమే ఇబ్బందైంది. "గుహలో నేనేం సెయ్యాలండి?"

"దివిటీ పట్టుకుని నడవాలి. ముందు నడవమంటే మెట్ల మీంచి జారిపడాలి," అన్నాను.

"అది నాకు అలవాటేనండి," అంది.

అర్జీ పెట్టాం. మాంత్రికుడి కొలువులో దివిటీ పట్టు నూకరత్నం, గుహమెట్లు విరిగి, కుడి మణికట్టు. మూడేళ్ళు పట్టే పని మూడు రోజుల్లో అయింది. మంజూరు ఉత్తర్వు చేతికొస్తుందనగా భీమశంకరంగారు చెమటలు కక్కుతూ మేడమీదికొచ్చారు.

"ఘోరం జరిగిపోయింది మేష్టారూ! మీ రెండో దివిటీ మనిషి నిజంగా ఉందని ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. ఉన్న మనిషికి ఈ పథకం కింద పరిహారం ఇస్తే నా ఉద్యోగం పోతుంది. విచారణ జరపాలి."

విచారణ మా గదిలోనే పెట్టారు. సెక్రటరీ సాంబమూర్తిగారినీ, కాంట్రాక్టరునీ పిలిపించారు. ఉత్తరం వాళ్ళదేనేమోనని నాకు అనుమానం. ఈ ఇద్దరిలో ఎవరైనా ఒక్కమాట నిజం చెబితే నూకరత్నం చెయ్యి పోయినట్టే. అప్పుడే ఆవిడ టీలు తెచ్చింది.

"సాంబమూర్తిగారూ, నూకరత్నం అను వ్యక్తి మీ క్లబ్బులో పనిచేయుచున్నదా?"

సాంబమూర్తిగారు మా అందరి మొహాలూ చూశారు. ఉందంటే ఊడిన చేతిపట్టు బయటికొస్తుంది. పరిహారం తన మెడకి చుట్టుకుంటుంది. ఆయన తేరుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అలాంటి మనిషి మా దగ్గర లేదండి. ఎప్పుడూ లేదు," అన్నారు, నూకరత్నం చేతిలోని పళ్ళెంలోంచి టీ కప్పు తీసుకుంటూ.

"ఎప్పుడైనా చూశారా?"

"మొహం కూడా ఎరగనండి." ఒక గుక్క తాగి, "రత్నం, కాస్త అల్లం వెయ్యాల్సింది," అన్నారు.

భీమశంకరంగారు కాంట్రాక్టరు వైపు తిరిగారు. కాంట్రాక్టరు టీ ఊదుకుంటూ, "మేం శుభ్రత సప్లై చేస్తామండి. మనుషులతో మాకు సంబంధం లేదు," అన్నాడు.

"మరి ఇక్కడ నిలబడ్డ ఈవిడ?"

"ఏవిడండీ?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

నూకరత్నం వాళ్ళ మధ్యనే నిలబడి ఉంది. ఆవిడ మొహంలో కోపం లేదు. అంతకాలం నుంచీ వింటున్న మాటే. ఆ గదిలో కోపమంతా నా ఒక్కడికే వచ్చింది. కుర్చీ విసిరి కొట్టాలనిపించింది. హైమవతి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ ఇద్దరూ తమ వాంగ్మూలాల మీద సంతకాలు పెట్టేదాకా వదల్లేదు.

భీమశంకరంగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని తీర్పు చదివారు. "విచారణలో తేలిన అంశముల దృష్ట్యా, సదరు నూకరత్నం పూర్తిగా ఊహాజనిత వ్యక్తి అని, ఆమె ఉన్నదన్న ఆరోపణ నిరాధారమని నిర్ధారించడమైనది." తర్వాత ఆవిడ వైపు తిరిగి, "అభినందనలమ్మా," అన్నారు.

బ్యాంకులో గంగరాజు డబ్బు ఇప్పటికీ అలాగే ఉంది. జిల్లాలో నమోదైన లేనివాళ్ళలో స్వయంగా వచ్చి సంతకం పెట్టగలిగింది నూకరత్నం ఒక్కతే. ఎడమచేత్తో పెట్టింది. మరుసటి వారం పెద్దాసుపత్రిలో చేరింది.

ఇప్పుడు చేతికి పిండికట్టుతో ఆదివారాలు మా బల్ల దగ్గరే కూర్చుంటోంది. టీ హైమవతి ఫ్లాస్కులో తెస్తోంది. మొన్న గుహలో చివరి గది దాకా వచ్చాం. లోపల డ్రాగన్ ఊపిరి వినిపిస్తోందన్నాను.

"రత్నం, ముందు నువ్వెళ్ళు," అన్నారు మృత్యుంజయరావుగారు, అలవాటు కొద్దీ.

"మీరెల్లండి బాబుగారూ. మంత్రాలు మీకొచ్చు కదా. నేను ఎనక నుంచి ఎలుగు చూపిత్తాను," అంది నూకరత్నం. ఆయన కాసేపు ఆలోచించి, ఆ ఆట ఆడటం మొదలుపెట్టాక మొదటిసారి, తనే ముందు నడిచారు.

అంతలో కిందనుంచి సెక్రటరీగారి గొంతు వినిపించింది. "రత్నం! ఏయ్ రత్నం! పెద్దమనుషులొచ్చారు, నాలుగు టీలు!"

మేమంతా ఆవిడ వైపు చూశాం. ఆవిడ కదల్లేదు.

"ఆ పేరుగలావిడ ఇక్కడెవరూ లేరు కదండీ. పాపం, ఆయనే సంతకం పెట్టారు," అని ఎడమచేత్తో పాచిక వేసింది.